మోకాలి అప్పీల్ వెనక్కి తీసుకున్నా

పోయిన నెల నా వీఏ (అమెరికాలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే శాఖ) అప్పీల్లో సగం వెనక్కి తీసుకున్నాను. ఇంట్లో చెప్పగానే మా ఆవిడ "ఇన్ని నెలలు ఎదురుచూసి ఇప్పుడు వదిలేస్తారా?" అంది. వదిలేయడం కాదే, దారి మార్చడం అని నచ్చజెప్పేసరికి ఒక పూట పట్టింది.

అమెరికన్ ఆర్మీలో చేసినప్పటి నుంచి నాకు రెండు బాధలు. కుడి మోకాలు, చెవుల్లో ఆగని గుయ్‌మనే మోత. వీటికి పరిహారం అడిగితే, రెండూ సర్వీసు వల్ల వచ్చినవి కావని వీఏ నుంచి డెసిషన్ లెటర్ వచ్చింది, ఆవేశంగా అప్పీల్ ఫారం 10182 నింపి వీఏ అప్పీళ్ళు వినే బోర్డుకి పంపేశా. త్వరగా తేలుతుందని డైరెక్ట్ రివ్యూ గడిలో టిక్ పెట్టా. అది పెడితే డెసిషన్ నాటికి ఫైల్లో ఉన్నదే చూస్తారు, కొత్త కాగితం ఒక్కటి కూడా ముట్టుకోరు (చదవకుండా టిక్ పెట్టింది నేనే, ఎవర్నీ అనేదేం లేదు). ఆ తర్వాత ఎముకల డాక్టరు, ఈ అరుగుదల సర్వీసులో తగిలిన దెబ్బ వల్లే అయ్యే అవకాశం కనీసం సగానికి సగం ఉందని కారణాలతో సహా రాసిచ్చాడు. బంగారం లాంటి లెటర్, పెట్టడానికి చోటు లేదు.

కొత్త సాక్ష్యానికి దారి సప్లిమెంటల్ క్లెయిమ్, అంటే కొత్త ఆధారంతో వీఏనే మళ్ళీ చూడమని అడగడం. కానీ ఒకే సమస్యని ఒకేసారి రెండు చోట్ల నడపనివ్వరు కాబట్టి ముందు బోర్డు నుంచి తీసేయాలి. మా సర్వీస్ ఆఫీసర్ (మాజీ సైనికులకి క్లెయిముల్లో సాయం చేసే మనిషి) డాక్టర్ లెటర్ వైపు కూడా చూడకుండా "డెసిషన్ లెటర్ మీద తేదీ ఎంత?" అనడిగాడు. ఆ తేదీ నుంచి ఏడాది లోపల అప్పీల్ తీసేసి సప్లిమెంటల్ వేస్తే పాత ఎఫెక్టివ్ డేట్ (పరిహారం లెక్క మొదలయ్యే తేదీ) నిలుస్తుంది, గెలిస్తే బకాయిలు అక్కణ్ణుంచి వస్తాయి. దాటితే, కొత్త క్లెయిమ్ అందిన రోజు నుంచే లెక్క. నాకింకా 5 వారాలుంది. ఆ తేదీ చూసుకునేదాకా నిజంగా టెన్షనే.

అప్పీల్ వెనక్కి తీసుకునే ఉత్తరం పెద్దదేం కాదు. పేరు, ఫైల్ నంబరు, ఏది వెనక్కి తీసుకుంటున్నామో, అంతే. నేను "నా అప్పీల్ ఉపసంహరించుకుంటున్నాను" అని రాస్తే సర్వీస్ ఆఫీసర్ పెన్ను తీసుకుని కొట్టేశాడు. అలా రాస్తే చెవుల సంగతి కూడా పోతుందట. "కుడి మోకాలి సమస్య మాత్రమే" అని మళ్ళీ రాశా. బోర్డు తీర్పు ఇచ్చేలోపే అది వాళ్ళకి అందాలి.

అందిందని తెలిసిన మర్నాడే డాక్టర్ లెటర్ జతచేసి సప్లిమెంటల్ క్లెయిమ్ ఫారం 20-0995 పంపా. చెవుల మోత ఇంకా బోర్డు దగ్గర క్యూలో ఉంది. ఇది టైప్ చేస్తుంటే నా దగ్గరా ఉందనుకోండి.