ఎండకు కమిలిన చర్మంతో పది రోజులు

మేడ మీద పిట్టగోడకు రంగు వేద్దామని ఉదయం తొమ్మిదింటికి ఎక్కాను. పల్చగా మబ్బు పట్టి ఉంది, గాలి కూడా చల్లగానే వీస్తోంది. అందుకే టోపీ పెట్టుకోలేదు, సన్‌స్క్రీన్ రాసుకోవాలన్న ఆలోచనే రాలేదు. రెండో పూత అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కిందికి దిగినప్పుడు మెడ వెనక కాస్త వేడిగా ఉందంతే, ఇంకే బాధా లేదు.

సాయంత్రం స్నానానికి వెళ్తూ చొక్కా విప్పుతుంటే కాలర్ రాసుకుని చుర్రుమంది. రాత్రి దిండు మీద తల ఆనించలేకపోయాను. అద్దంలో చూస్తే పెద్ద తేడా ఏమీ కనబడలేదు. నాది నలుపు కలిసిన చామనఛాయ. తెల్లటి చర్మం మీద కొట్టొచ్చినట్టు కనిపించే ఎరుపు నా మీద తెలియదు. ముట్టుకుంటేనే తెలిసింది. మెడ, ముంజేతులు కాలుతున్నాయి, చర్మం బిగుసుకుపోయింది, వేలు ఆనిస్తే ప్రాణం లాగేస్తోంది. మన రంగుకు ఎండ ఏమీ చేయదని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాను. అది నిజం కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత కాపాడుతుంది కానీ పూర్తిగా అడ్డుకోదు.

మర్నాటికి నొప్పి ఇంకా పెరిగింది. అక్కకు ఫోన్ చేస్తే, "నల్లబడిపోయి ఉంటావు, స్క్రబ్ పెట్టి బాగా రుద్దరా, తర్వాత నిమ్మరసం రాయి, పోతుంది" అంది. తన ప్రేమ కొద్దీ చెప్పింది. నేనూ నమ్మి కుడి ముంజేతికి రుద్దాను. నిమ్మరసం తగలగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సాయంత్రానికి అక్కడ చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి. అప్పుడు టెన్షన్ పట్టుకుని చర్మ వైద్యురాలి దగ్గరకు వెళ్లాను.

ఆవిడ చేయి చూసి, "నలుపు గురించి ఇప్పుడు ఆలోచించకండి. ఇది కాలిన చర్మం. ముందు పుండుని చూసుకున్నట్టు చూసుకోండి" అన్నారు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లి ఉంటే ఆ రసమే ఎండతో కలిసి ఇంకా పెద్ద బొబ్బలు తెప్పించేదట. వినగానే భయం వేసింది.

మొదటి రెండు రోజులూ చేసిందల్లా చల్లబరచడమే. మెత్తటి నూలుగుడ్డను చల్లటి నీళ్లలో ముంచి, పిండి, మెడ మీద వేసుకునేవాణ్ణి. రెండు నిమిషాలకే గుడ్డ వెచ్చబడేది. మళ్లీ ముంచి వేసేవాణ్ణి. అలా పది, పదిహేను నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. ఐసు నేరుగా పెట్టొద్దన్నారు, కమిలిన చర్మాన్ని అది ఇంకా దెబ్బతీస్తుంది. గుడ్డ తీశాక చర్మాన్ని తుడవకుండా, ఆ చెమ్మ మీదే వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా రాయాలి. కలబంద జెల్ కూడా హాయినిచ్చింది. పెట్రోలియం జెల్లీ లాంటి జిడ్డు పూతలు మొదట్లో వద్దన్నారు, లోపలి వేడిని అవి బయటికి పోనివ్వవు. నొప్పికి ఆవిడ రాసిచ్చిన మాత్ర వేసుకున్నాను. నీళ్లు మామూలు కంటే ఎక్కువే తాగాను. పొక్కుల్ని మాత్రం గిల్లలేదు. అవి ఎక్కువ మేర లేచినా, జ్వరం, చలి, వాంతులు, కళ్లు తిరగడం లాంటివి ఉన్నా ఇంట్లో ఉండిపోకుండా వెంటనే రమ్మన్నారు.

అన్నిటికన్నా కష్టపెట్టింది ఐదో రోజు. ముంజేతి మీద ఉల్లిపొరంత పల్చటి పొట్టు లేచింది. అంచు పట్టుకుని లాగాలని చేయి ఒకటే పీకేది. ఒకచోట లాగాను కూడా. ఇంకా వదలని చోటు దాకా చిరిగి, కింద లేతచర్మం తడిగా బయటపడి మండింది. ఆ తర్వాత దురద పుట్టినప్పుడల్లా మాయిశ్చరైజరే రాశాను. పదో రోజుకు పొట్టంతా దానంతటదే రాలిపోయింది.

నలుపు మాత్రం అంత త్వరగా పోలేదు. పై చర్మం మారడానికి సుమారు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. రుద్దితే మంట పెరిగి, మన రంగు చర్మం మీద మచ్చ ఇంకా ముదురుతుంది. అందుకే ఓపిక పట్టాను.

మిగిలిన గోడకు మొన్న రంగు వేశాను, సాయంత్రం నాలుగు దాటాకే ఎక్కాను. పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 ఉన్న సన్‌స్క్రీన్ పావుగంట ముందే రాసుకున్నాను, చెవులకూ మెడ వెనకకూ మర్చిపోకుండా. ఎక్కువసేపు ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

పోయిన వారం అక్క కొడుకు ఆటల నుంచి మెడంతా కమిలి వచ్చాడట. అక్క ఫోన్ చేసి, "గుడ్డ ఎంతసేపు ఉంచాలన్నావురా?" అని అడిగింది.