జెల్ మీద కనిపించని అల్లీల్: కండిషనల్ నాకౌట్ లైన్‌తో నా అనుభవం

రెండు ప్రైమర్ల (పీసీఆర్‌లో డీఎన్‌ఏకి అతుక్కుని కాపీలు మొదలుపెట్టే పొట్టి ముక్కలు) జెనోటైపింగ్‌ని, అంటే ఏ ఎలుకలో ఏ అల్లీల్ (జన్యువు రూపం) ఉందో తేల్చే పరీక్షని, నమ్ముకుని ఫ్లాక్స్ ఎలుకల్ని పెంచుతున్నవాళ్లు కొత్త జతలు కట్టేముందు ఇది చదవండి. ఫ్లాక్స్ అంటే జన్యువులో తీసేయాల్సిన ముక్కకి అటూ ఇటూ లాక్స్‌పీ అనే గుర్తులు పెట్టిన అల్లీల్. క్రీ అనే ఎంజైమ్ ఉన్న కణాల్లోనే ఆ ముక్క తెగిపోతుంది, కండిషనల్ నాకౌట్ అంటే అదే. మా లైన్ (ఎలుకల వంశం) ఇప్పుడే గట్టెక్కింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

తేలికగా అయిపోయినవి ముందు చెప్పేస్తాను. మా జన్యువుకి టీఎమ్1ఏ అల్లీల్ (మధ్యలో అదనపు క్యాసెట్ ఉన్న తొలి రూపం) రెడీగా దొరికింది. ఫ్లిప్ (ఎఫ్‌ఆర్‌టీ సైట్ల దగ్గర కోసే ఎంజైమ్) ఉన్న ఎలుకలతో కలిపితే ఆ సైట్ల మధ్య ఉన్న లాక్‌జెడ్, నియో అనే గుర్తు జన్యువుల క్యాసెట్ ఎగిరిపోయి టీఎమ్1సీ మిగిలింది. అంటే ఎక్సాన్‌కి (ప్రోటీన్ కోడ్ ఉన్న జన్యు ముక్క) అటూ ఇటూ లాక్స్‌పీ సైట్లు ఉంటాయి, జన్యువు మామూలుగానే పనిచేస్తుంది. తర్వాతి తరంలో ఫ్లిప్‌ని వదిలించుకోవాలి. తీసేయబోయే ఎక్సాన్ పొడవు మాత్రం మీరే లెక్కపెట్టుకోండి. అది మూడుతో భాగిస్తే శేషం లేకుండా వచ్చిందంటే, ఎక్సాన్ పోయినా రీడింగ్ ఫ్రేమ్ (కోడ్‌ని మూడేసి అక్షరాలుగా చదివే వరస) చెడదు, పొట్టి ప్రోటీన్ ఒకటి తయారై కూర్చుంటుంది.

న్యూరాన్లలో మాత్రమే జన్యువు పోవాలి కాబట్టి, క్రీ న్యూరాన్లలో తయారయ్యే సినాప్సిన్-1 క్రీ లైన్ తీసుకున్నాం. ఫ్లాక్స్/ప్లస్ (ఒక కాపీ ఫ్లాక్స్, ఒకటి మామూలుది) క్రీ మగదాన్ని ఫ్లాక్స్/ఫ్లాక్స్ ఆడదానితో కలిపితే, క్రీ వేరే క్రోమోజోమ్ మీద ఉన్నంతవరకు, నాలుగో వంతు పిల్లలు మనకు కావలసినవే (ఫ్లాక్స్/ఫ్లాక్స్, క్రీ ఉన్నవి). కాగితం మీద లెక్క అంతే.

డీఎన్‌ఏ తీయడానికి కిట్లు కొనకండి, డబ్బు దండగ. చెవి ముక్కని 75 మైక్రోలీటర్ల క్షార ద్రావణంలో (25 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్, 0.2 మిల్లీమోలార్ ఈడీటీఏ) వేసి 95 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, చల్లారాక అంతే పరిమాణంలో 40 మిల్లీమోలార్ ట్రిస్-హెచ్‌సీఎల్ కలిపితే చాలు. లాక్స్‌పీ సైట్ పొడవు 34 బేస్ జతలే. క్లోనింగ్‌లో మిగిలిన సీక్వెన్స్ కలుపుకున్నా జెల్ మీద ఫ్లాక్స్, వైల్డ్ టైప్ (మామూలు అల్లీల్) బ్యాండ్ల మధ్య తేడా పెద్దగా ఉండదు, అందుకని 3 శాతం అగరోస్ వాడండి. ఫ్లాక్స్/ప్లస్ శాంపిల్లో ఆ రెండింటికీ పైన మూడో బ్యాండ్ మసగ్గా కనిపిస్తే కంగారుపడొద్దు. అది హెటెరోడ్యూప్లెక్స్ (రెండు అల్లీల్‌ల పోగులు ఒకదానితో ఒకటి జతకట్టినది), కొత్త అల్లీల్ కాదు.

ఇక మమ్మల్ని తిప్పలు పెట్టింది. "ఫ్లాక్స్/ఫ్లాక్స్, క్రీ లేదు" అని రిపోర్టు వచ్చిన ఆడ ఎలుకని వైల్డ్ టైప్ మగదానితో కలిపాం. పుట్టిన ప్రతి పిల్లకీ ఒక ఫ్లాక్స్ వచ్చి తీరాలి. సగం పిల్లల్లో వైల్డ్ టైప్ బ్యాండ్ ఒక్కటే ఉంది. లాబ్ మీటింగులో అందరి ముందూ "శాంపిళ్లు తారుమారు చేశారు" అన్నారు. ట్యాగులు సరిచూశాం, కొత్త ముక్కలు తీశాం, ఫలితం మారలేదు. జెనోటైపింగ్ చేసిపెట్టే సంస్థని అడిగితే "మా ఎస్సే (పరీక్ష) వాలిడేట్ అయినదే" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

ఎస్సే అబద్ధం చెప్పలేదు, సగం నిజం చెప్పింది. రెండు ప్రైమర్లలో ఒకటి ఫ్లాక్స్ ప్రాంతం లోపల కూర్చుంటుంది. ఆ ముక్క తెగిపోయిన అల్లీల్‌లో దానికి అతుక్కునే చోటే లేదు. కూలిపోయిన ఇంటి తలుపు తట్టినట్టు, జవాబు రాదు. కాబట్టి ఫ్లాక్స్/తెగినది అన్న ఎలుక ఫ్లాక్స్/ఫ్లాక్స్‌లా, ప్లస్/తెగినది అన్నది శుద్ధ వైల్డ్ టైప్‌లా కనిపిస్తాయి. ఆ ఆడ ఎలుకకి తన తండ్రి (క్రీ మగది) నుంచి రావలసిన ఫ్లాక్స్ తెగి వచ్చినా నిష్పత్తులు చెక్కుచెదరవు, అందుకే ముందు తరంలో ఎవరికీ అనుమానం రాలేదు.

తెగింది ఆ క్రీ తండ్రి వృషణాల్లో. సినాప్సిన్-1 క్రీ మగ బీజకణాల్లో కూడా పనిచేస్తుంది. కోత ముందే జరిగిపోతుంది కనుక, క్రీ అందని వీర్యకణం కూడా తెగిన అల్లీల్‌ని మోసుకుపోతుంది. 1994లో టీ కణాల్లో డీఎన్‌ఏ పాలిమరేజ్ బీటాని తీసేసినప్పటి నుంచీ ఈ క్రీ-లాక్స్‌పీ పద్ధతి వాడుకలో ఉంది. అయినా లైన్ పంపేవాళ్లు ఈ వృషణాల సంగతి పెద్ద అక్షరాలతో రాయరు, మనమే వెతుక్కోవాలి.

విరుగుడు మూడో ప్రైమర్. దాన్ని రెండో లాక్స్‌పీకి అవతల పెట్టండి. చెక్కుచెదరని అల్లీల్‌లో మొదటి ప్రైమర్‌కీ దీనికీ మధ్య దూరం ఎక్కువ, ఎక్స్‌టెన్షన్ 30 సెకన్లే ఇస్తే అది పెరగదు. తెగిన అల్లీల్ మాత్రం పొట్టి బ్యాండ్ ఇస్తుంది. మూడూ ఒకే ట్యూబులో వేస్తే, ఫ్లాక్స్, వైల్డ్ టైప్ బ్యాండ్లు దీనికంటే చిన్నవైతే పోటీలో నెగ్గి దీన్ని మింగేస్తాయి, వేరే ట్యూబు పెట్టండి. పాజిటివ్ కంట్రోల్‌కి క్రీ ఉన్న ఫ్లాక్స్ ఎలుక మెదడు డీఎన్‌ఏ సరిపోతుంది. మా జెల్ మీద ఆ మెదడు శాంపిల్ ఎక్కడ బ్యాండ్ ఇచ్చిందో, క్రీ లేని పిల్లల చెవి శాంపిళ్లు సరిగ్గా అక్కడే ఇచ్చాయి. వాదన అక్కడితో ముగిసింది. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

క్రీ లేని పిల్లలో ఆ బ్యాండ్ కనిపిస్తే ఆ ఎలుక ప్రయోగానికి పనికిరాదు, దాని శరీరమంతా ఒక కాపీ లేదు. క్రీ ఉన్నవాటి విషయంలో కణజాలం చూసుకోవాలి. న్యూరాన్ల కేంద్రకాలు చెవి చర్మంలో ఉండవు కనుక సినాప్సిన్ లైన్లో చెవి నుంచి గట్టి బ్యాండ్ వస్తే అనుమానించాల్సిందే. టై2 క్రీ లైన్లో అయితే క్రీ పనిచేసే రక్తనాళాల ఎండోథీలియల్ (లోపలి పొర) కణాలు చెవిలోనూ ఉంటాయి, బ్యాండ్ ఎలాగూ వస్తుంది. అలాంటప్పుడు క్యూపీసీఆర్‌తో ఫ్లాక్స్ కాపీలు లెక్కించండి: రెండు రావాలి, ఒకటి వస్తే పక్కన పెట్టండి.

ఇప్పుడు సినాప్సిన్ క్రీని ఆడ ఎలుకల ద్వారానే నడుపుతున్నాం. టై2 క్రీకి ఇది తిరగబడుతుంది, అక్కడ లీక్ అండాల్లో, క్రీని తండ్రి వైపు నుంచి తేవాలి. ఏ లైనైనా సరే, ప్రతి లిట్టర్లోనూ క్రీ లేని తోబుట్టువుల్ని మూడు ప్రైమర్లతో చూడండి. ఫ్లాక్స్ లేని క్రీ ఎలుకల గుంపు కూడా పెట్టుకోండి. మరో లైనైన నెస్టిన్ క్రీ ఎలుకలు ఏ జన్యువూ తీయకముందే బరువు తక్కువ ఉంటాయి. ఆ గుంపు లేని పేపరు రివ్యూకి వస్తే నేను వెనక్కి పంపుతాను, ఎవరేమనుకున్నా సరే.