పదిహేను కిలోల మెప్పు

2024 జనవరిలో నా బరువు 67 కిలోలు. బడిలో రెండో అంతస్తులోని తరగతి గదికి ఎక్కేసరికి ఆయాసం వస్తున్నదని, సంక్రాంతి అరిసెలు అయిపోగానే రాత్రి అన్నం మానేసి, విశాఖ బీచ్ రోడ్డులో ఉదయపు నడక మొదలుపెట్టాను. మార్చికి ఐదు కిలోలు తగ్గాను. ఎండలు ముదిరి నడక మానేసిన ఏప్రిల్, మే నెలల్లో బరువు అంతకంటే వేగంగా పడిపోయింది. అది వింతగా తోచవలసింది. కానీ స్టాఫ్ రూములో అందరూ రహస్యమేమిటని అడుగుతుంటే, కొర్రన్నం గురించీ ఉలవచారు గురించీ ఉపన్యాసాలు ఇస్తూ కూర్చున్నాను. వదులైన జాకెట్లన్నీ దర్జీకి ఇచ్చి, పక్కల రెండేసి కుట్లు వేయించి బిగుతు చేయించుకున్నాను.

దగ్గు అప్పటికే ఉంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు దిండు తడిసేది. అదంతా వేసవి పుణ్యమే అనుకున్నాను. వీధి చివరి వైద్యుడు దగ్గు మందు, యాంటీబయోటిక్స్ మార్చి మార్చి నెలకు పైగా వాడించారే గాని కఫం పరీక్ష మాట ఎత్తలేదు. అయితే బరువు తగ్గారా అని ఆయన అడిగినప్పుడు, డైటింగ్ చేస్తున్నానని గర్వంగా చెప్పింది నేనే కాబట్టి తప్పంతా ఆయన మీదికి నెట్టలేను.

జూన్‌లో కఫంలో నెత్తుటి చార కనిపించింది. ప్రభుత్వాసుపత్రిలో కఫంలో క్షయ క్రిములను పట్టే సీబీనాట్ పరీక్ష చేసి క్షయ అన్నారు. ఆ రోజు నా బరువు 52 కిలోలు. మాత్రల లెక్క కూడా బరువును బట్టే ఉంటుందట. 50 నుంచి 64 కిలోల వారికి రోజుకు నాలుగు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు కలిసినవి వేసుకోవాలి. మూత్రం నారింజ రంగులో వస్తుందని నర్సు ముందే చెప్పినా, మొదటి రోజు గుండె ఝల్లుమంది.

నన్ను చూసుకోవడానికి విజయనగరం నుంచి వచ్చిన అమ్మ, వచ్చీ రాగానే పత్యం మొదలుపెట్టింది. బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు తప్ప మరొకటి కంచంలో పడనివ్వలేదు. గుడ్డు వేడి చేస్తుందనీ, కందిపప్పు అరగదనీ ఆమె వాదన. నెల తిరిగినా 300 గ్రాములే పెరగడం చూసి డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి, “అమ్మగారూ, మీ అమ్మాయికి రోజుకు రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, గడ్డ పెరుగు, ఇదే పత్యం” అన్నారు. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన క్షయ రోగులలో మరణాలు బాగా తక్కువని, జార్ఖండ్‌లో జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనం గురించి కూడా ఆమె చెప్పారు. నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేది ఈ తిండి కోసమే. 2024 నవంబరు నుంచి దానిని వెయ్యి చేశారు. గుడ్ల ధర తెలిసినవారికి ఆ తేడా ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

అమ్మ మారింది గాని నేను మారడమే కష్టమైంది. ఆరు నెలలుగా నెయ్యిని శత్రువులా చూసిన మనిషిని. డాక్టరమ్మకు చాలదనిపించిన ఆ 300 గ్రాములు తూకం యంత్రం మీద చూసినప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు కలిగింది అపరాధ భావమే. మందుల వికారానికి ఏదీ సయించని ఉదయాలలో రాగి జావలో బెల్లం, వేయించిన పల్లీల పొడి కలిపి అమ్మ గ్లాసు చేతికిచ్చి, అది ఖాళీ అయ్యేవరకు ఎదురుగా నిలబడేది.

వ్యాయామమంటే మొదట మా మూడో అంతస్తు మెట్లే. మొత్తం 54. జూలైలో ప్రతి మలుపు దగ్గరా కూర్చోవలసి వచ్చేది. ఆగస్టులో దగ్గు తగ్గిందన్న ధీమాతో కాళీమాత గుడి దగ్గర బయలుదేరి ఒడ్డున ప్రదర్శనకు పెట్టిన కురుసుర జలాంతర్గామి దాకా ఒకేసారి నడిచి వచ్చి, మూడు రోజులు మంచం దిగలేదు. ఆ తరువాత పాల బూత్ వరకు, మరుసటి వారం మందుల దుకాణం వరకు అని ఎల్లలు పెట్టుకున్నాను. అక్టోబరులో మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను. పైకి చేరాక తాళం తీయడానికి చేయి వణికింది గాని, కూర్చోలేదు.

డిసెంబరులో మందులు పూర్తయ్యాయి, కఫంలో క్రిములు లేవన్నారు. బరువు 60. మళ్లీ బడికి వెళ్లే ముందు రోజు జాకెట్లు ఒక్కటీ పట్టలేదు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, బ్లేడుతో కుట్లు విప్పుతూ కూర్చుంది. లోపల మడత పడి ఉన్న గుడ్డ ఎండ తగలక కొత్తదానిలాగే ఉంది. రెండు కుట్లూ విప్పేయనా అని అడిగింది. ఒకటి విప్పి, రెండోది ఉంచమన్నాను.