ఒడియా అక్షరాలతో పోతన భాగవతం: నా అనుభవం

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు పడింది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నా చదువంతా ఒడియా మీడియం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసిన ఊళ్ళో పుట్టి, పెళ్ళి శుభలేఖ కూడా ఎవరిచేతో చదివించుకునేదాన్ని.

మా వీధిలో భాగవత గోష్ఠికి అత్తయ్య వెంట వెళ్ళాను, ఊరికే విందామని. అక్కడ ఊరికే వినడం కుదరదు. పుస్తకం చేతులు మారుతూ వస్తుంది, ఎవరి వంతు పద్యం వాళ్ళు చదవాలి. నాకు తెలుగు చదవడం రాదన్నాను. "ఒడియా వచ్చు కదమ్మా, చాలు" అన్నారు మాస్టారు. మళ్ళీ వెళ్ళేసరికి నా వంతు పద్యాలు ఒడియా లిపిలో రాసిన కాగితం చేతికిచ్చారు. నాలాంటివాళ్ళ కోసం ఒక పిన్నిగారు నోట్‌బుక్కులకు నోట్‌బుక్కులు నింపుతున్నారట!

అయితే ఒడియాలో ఎ, ఏలకు ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. తెగ రాసినా తేగ రాసినా ఒకేలా ఉంటుంది. మామూలు మాటల్లో సర్దుకోవచ్చు గానీ పద్యంలో లఘువు గురువైపోతే గణం చెడుతుంది, చదివే నాలుక తడబడుతుంది. పిన్నిగారు దీర్ఘాల మీద ఎర్ర పెన్నుతో గీతలు పెట్టడం మొదలెట్టారు. ఎనిమిదో స్కంధంలో గజేంద్రమోక్షమంతా ఆ గీతలు చూసుకుంటూనే చదివాను. ఆ తర్వాత మాస్టారు ఒక పాదం తెలుగులో, మిగతావి ఒడియాలో రాయించారు. తర్వాత రెండు పాదాలు. పదో స్కంధం రుక్మిణీకల్యాణానికి నా చేతిలో అచ్చు పుస్తకమే ఉంది.

గోష్ఠికి చందా లేదు. ఇవ్వగలిగినవాళ్ళు ఇస్తారు, లెక్క అందరి ముందూ చదువుతారు. ఎవరైనా బరంపురం ఆసుపత్రిలో చేరితే ఆ డబ్బుతో పాటు తోడుగా ఒక మనిషి కూడా వెళ్తారు. మంచం మీదున్నవాళ్ళకు రాత్రి ఫోన్లో చదివి వినిపిస్తాం. ఆ వంతు తీసుకోవడానికి పోటీ.

మధ్యలో ఇంటింటికీ పుస్తకాలు పంచారు. నాకది అంతగా నచ్చలేదు. ఉచితంగా వచ్చిన పుస్తకం చాలా ఇళ్ళలో దేవుడి గూట్లో పసుపు బొట్టు పెట్టించుకుని కూర్చుంటుంది, తెరిచేవాళ్ళుండరు. అదే ఇంటికి వెళ్ళి అరుగు మీద ఒక ఘట్టం చదివితే పక్కింటివాళ్ళూ వచ్చి కూర్చుంటారు. ఇప్పుడు ఎక్కువగా అదే చేస్తున్నాం.

కార్తీకంలో పక్క ఒడియా పల్లెలో భాగవత టుంగికి వెళ్తాం. టుంగి అంటే భాగవతం చదువుకోవడానికి ఊరంతా వాడుకునే ఇల్లు. వాళ్ళది 16వ శతాబ్దపు జగన్నాథదాసు భాగవతం, పాదానికి తొమ్మిది అక్షరాలు, ఇట్టే నోటికొస్తుంది. మనది అంతకు ముందు శతాబ్దపు పోతన. ఒకరి తర్వాత ఒకరం చదువుతాం.

పాతపట్నం నుంచి వచ్చే మావాళ్ళకు ఒడియా అక్షరాలు రావు. అందుకని జగన్నాథదాసు పాదాలను తెలుగు లిపిలో రాసే పని నాకు పడింది. ఒడియాలో 'య' స్థానంలో ఉండి 'జ' అని పలికే అక్షరం ఒకటుంది. దాన్ని రాసినట్టు రాయాలా, పలికినట్టు రాయాలా అని పిన్నిగారికీ నాకూ ఇంకా వాదన నడుస్తోంది.