పాకాల అడవిలో ఎన్ని రకాల చెట్లున్నాయి?

ఫీల్డ్ ట్రిప్‌కి వచ్చే డిగ్రీ పిల్లలు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఎంత మేర చూసి చెప్పాలన్నది తేలకుండా దీనికి జవాబు లేదు.

చెరువు కట్ట దాటి కాస్త ఎత్తు మీద పది మీటర్ల చదరానికి తాడు కట్టిస్తాను. టేకు, నల్లమద్ది, ఇప్ప, మోదుగ కనిపిస్తాయి. ఆ చదరంలోని జాతుల లెక్క ఆల్ఫా వైవిధ్యం. వాగు ఒడ్డుకు దిగి మళ్లీ తాడు కడితే ఏరుమద్ది, కానుగ, నేరేడు. ఈ మార్పే బీటా. అడవి మొత్తానిది గామా. 1960లో ఈ పేర్లు పెట్టింది అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ విట్టేకర్. గామాను సగటు ఆల్ఫాతో భాగిస్తే బీటా వస్తుంది. చదరానికి సగటున 8 జాతులు, అన్నీ కలిపి 40 అనుకుంటే బీటా 5.

నాకు బీటా మీదే ప్రాణం. వాగు చెట్లు కొట్టేసి అక్కడా టేకే పెడితే, ఎత్తు మీది చదరంలో లెక్క మారదు. అడవి మొత్తం లెక్క మాత్రం పడిపోతుంది.

ఇంకో చిక్కు తునికితో. బీడీ ఆకు కోసం ఏటా కొమ్మలు కొట్టడంతో చాలాచోట్ల అది మోకాలెత్తు పొదలాగే ఉంటుంది. ఛాతీ ఎత్తులో 30 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉంటేనే చెట్టు అనే నియమం పెట్టుకుంటే, కాళ్లకు తగులుతున్న తునికి పట్టికలోకే రాదు. అందుకే పెద్ద చదరం లోపలే చిన్న చదరం గీయించి, పొదలకూ మొలకలకూ వేరే పట్టిక రాయిస్తాను.