రోజూ కొంత తరిగే సాధన

ప్రాచీన చీనా తాత్విక గ్రంథమైన తావో తే చింగ్‌లో 48వ అధ్యాయం ఎనిమిది చీనా అక్షరాలతో మొదలవుతుంది. చదువును సాధించేవాడికి రోజూ కొంత చేరుతుంది, తావోను, అంటే లోకం నడిచే సహజ మార్గాన్ని, సాధించేవాడికి రోజూ కొంత తరుగుతుంది అని వాటి భావం. తరిగినదాన్ని ఇంకా తరగనిస్తూ పోతే చివరకు వు వెయ్ అనే స్థితి సిద్ధిస్తుందని ఆ గ్రంథకర్తగా పేరున్న లావో త్సు అంటారు. వు వెయ్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. మన పంతాన్ని పని మీద రుద్దకుండా, ఆ పని స్వభావాన్ని అనుసరించి చేయడం. 1993లో హూబే రాష్ట్రంలోని గువోడియన్ సమాధిలో బయటపడిన వెదురు పలకల మీద కూడా ఈ మాటలున్నాయి. ఆ సమాధి సుమారు క్రీ.పూ. 300 నాటిది.

ఈ తరుగుదలను అజ్ఞానానికి పొగడ్తగా చదివేవారున్నారు. నాకు అలా తోచదు. రెండు అధ్యాయాల ముందే, తృప్తి ఎరుగకపోవడాన్ని మించిన విపత్తు లేదని, పొందాలన్న ఆశను మించిన దోషం లేదని ఆయన హెచ్చరించారు. ఆ 46వ అధ్యాయం గుర్రాలతో ఆరంభమవుతుంది: లోకంలో తావో నిలిచి ఉన్నప్పుడు పరుగు గుర్రాలు పొలానికి ఎరువునిస్తాయి, అది లోపించినప్పుడు యుద్ధాశ్వాలు పొలిమేరల్లో ఈనుతాయి. అక్కడి దురాశ రాజ్యాలను యుద్ధానికి నడిపించేదే. అయినా ఈ రెండు అధ్యాయాలనూ పక్కపక్కన ఉంచి చదివితే, గాదెలు నింపే చేయి, గ్రంథాలు పోగేసే చేయి ఒకటేనేమో అన్న భయం కలుగుతుంది. ఒక అనువాదం పూర్తిగా చదవకముందే మరొకటి తెప్పించుకున్న ప్రతిసారీ నేను దానిని జిజ్ఞాస అనుకున్నాను. అది ఆశేనని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

తావో మార్గానికే చెందిన మరో ప్రాచీన రచన, చువాంగ్ త్సు గ్రంథం, మూడవ అధ్యాయంలో ఈ భయాన్ని సూటిగా పలుకుతుంది. మన ఆయుష్షుకు హద్దుంది, తెలుసుకోవలసినదానికి హద్దు లేదు. హద్దున్నదానితో హద్దులేనిదాన్ని తరమడం ప్రమాదం. మొదటి అధ్యాయంలో, తనకు అప్పగించబోయిన రాజ్యాన్ని వద్దన్న షు యౌ చెప్పిన మాట కూడా ఇలాంటిదే: నదికి వెళ్లిన చుంచెలుక కడుపు నిండా తాగుతుందే తప్ప అంతకు మించి తాగదు.

అయితే ప్రమాదమని చెప్పిన ఆ మూడవ అధ్యాయమే, కొద్ది వాక్యాల తరువాత, వెన్‌హుయ్ ప్రభువు ఎదుట ఎద్దు మాంసాన్ని కోస్తున్న డింగ్ అనే వంటవాడిని చూపిస్తుంది. అందుకే ఆ హెచ్చరిక నేర్పును కాదనదని నా నమ్మకం. మామూలు వంటవాడు ఎముకలను నరుకుతాడు కనుక నెలకొక కత్తి మారుస్తాడు, మంచి వంటవాడు కోస్తాడు కనుక ఏడాదికొకటి మారుస్తాడు. డింగ్ కత్తికి 19 ఏళ్లు. వేల ఎడ్లను కోసినా దాని అంచు ఇప్పుడే సాన పట్టినట్టుంది, ఎందుకంటే కీళ్ల మధ్య ఉన్న ఖాళీలోకే అది వెళుతుంది. అతడికి మొదట్లో ఎద్దు తప్ప మరేమీ కనిపించేది కాదు. మూడేళ్ల తరువాత మొత్తం ఎద్దు కనిపించడం మానేసింది. 48వ అధ్యాయం చెప్పిన తరుగుదల నాకు ఇక్కడే అర్థమైంది. ఏళ్ల తరబడి నేర్చినవాడికి నేర్చినదే అడ్డుతొలగి దారినిస్తోంది. అయినా చిక్కు ముడి ఎదురైనప్పుడు అతడు జంకుతాడు, చూపు నిలుపుతాడు, చేతిని నెమ్మదింపజేస్తాడు. అప్పుడు మాంసం మట్టిపెళ్లలా విడివడి నేల మీద పడుతుంది. అతడు కత్తి పట్టుకుని నిలబడి, నలువైపులా చూసి, తృప్తితో కాసేపు ఆగి, కత్తిని తుడిచి దాచుకుంటాడు.