హిందీ అంటే కాదు, పో అంటే అండి

లిస్టులో పటోలా అని రాసుంది. మన మాటకి దగ్గరగానే ఉంది కదా అని విశాఖ పూర్ణా మార్కెట్లో పది కిలోల పొట్లకాయలు తూయించి, ఔటర్ హార్బర్లో ఆగిన బొగ్గు ఓడకి పట్టుకెళ్లాను. వంటగది గుమ్మం దగ్గర చీఫ్ కుక్ ఒక కాయ చేత్తో పట్టుకుని చూసి "హిందీ, హిందీ" అన్నాడు. హిందీలో మాట్లాడమంటున్నాడనుకుని "థోడా థోడా ఆతా హై" అన్నాను. ఆయన ఇంకాస్త గట్టిగా "హిందీ!" అన్నాడు. నాకొచ్చిన హిందీ అక్కడితో సరి. వెనకాల గిన్నెలు తోముతున్న కుర్రాడు నవ్వు ఆపుకుంటూ ఇంగ్లీషులో చెప్పాడు: ఫిలిప్పీన్స్ వాళ్ల భాష ఫిలిపినోలో హిందీ అంటే "కాదు" అట. పటోలా అంటే బీరకాయట.

ఓడలకి సరుకులు అందించే దుకాణంలో నాది పదకొండేళ్ల ఉద్యోగం. బియ్యం, గుడ్లు, కూరగాయలు, సబ్బులు, తాళ్లు, ఏది రాసిస్తే అది గ్యాంగ్‌వే ఎక్కించాలి. ఓడ వెనకాల పనామా జెండా ఉండనీ, లైబీరియా జెండా ఉండనీ, వంటగదిలోకి వెళ్తే చాలాసార్లు కనపడేది ఫిలిప్పీన్స్ మనిషే. ప్రపంచంలో ఓడల మీద పనిచేసేవాళ్లలో వాళ్ల వాటా అంత పెద్దది. ఇన్నాళ్లూ వచ్చీరాని ఇంగ్లీషుతో, చేతి సైగలతో నెట్టుకొచ్చాను. పొట్లకాయల నష్టం నా జీతంలోంచి పోయాక మాత్రం, ఇక నేర్చుకోవాల్సిందే అనిపించింది.

మా అమ్మాయి ఫోన్లో ఒక యాప్ వేసిచ్చింది. ఇంగ్లీషులో అడుగుతుంది, ఫిలిపినోలో చెప్పాలి. నెల రోజులు కుస్తీ పట్టాను. "నో" అన్నదానికి ఒకసారి హిందీ అంటుంది, ఒకసారి వలా అంటుంది, ఇంకోసారి హువాగ్ అంటుంది. ఏది ఎప్పుడో అంతుపట్టదు. ఒకరోజు కాన్వెంట్ జంక్షన్లో లారీల వెనక ఇరుక్కుని ఉండగా తట్టింది. హిందీ అంటే కాదు. వలా అంటే లేదు. హువాగ్ అంటే వద్దు. మూడూ మన దగ్గర వేరువేరుగానే ఉన్నాయి, మధ్యలో ఇంగ్లీషు దూరి ఒకటి చేసింది! ఆ రాత్రే యాప్ పక్కన పెట్టి, దుకాణంలో లెక్కల కోసం ఉంచిన పొడుగు పుస్తకం ఒకటి తీసి, ఎడమవైపు తెలుగు, కుడివైపు ఫిలిపినో రాయడం మొదలుపెట్టాను.

అక్కణ్ణించి బండి కదిలింది. వడ్లు, బియ్యం, అన్నం: పాలాయ్, బిగాస్, కానిన్. ఇంగ్లీషువాడికి మూడూ రైసే, పాపం. "కలమన్సీ ఉందా" అని అడిగితే (చిన్న నిమ్మకాయలాంటిది, మన దగ్గర దొరకదు) "వలా పో" అని చెప్పి నిమ్మకాయలు ఇస్తాను. గురో అంటే మాస్టారు, ముఖా అంటే మొహం. ఇవి మన వైపు నుంచి వెళ్లిన సంస్కృతమే. మనీలా దగ్గర లగూనాలో 1989లో దొరికిన రాగిరేకు మీద శక సంవత్సరం 822 అని ఉందట, అంటే క్రీస్తుశకం 900. మన పంచాంగంలో ఉండే శకమే అది. సబ్బుని వాళ్లు సబోన్ అంటారు. వాళ్లకది స్పెయిన్ వాళ్లిచ్చిన మాట, మనకి పోర్చుగీసు వాళ్లిచ్చిన మాట.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది మాత్రం తాయో, కామీ. కామీ అంటే మేము, తాయో అంటే మనం. వాళ్ల దగ్గర తింటున్నవాడు ఎదురుపడ్డ మనిషిని "కాయిన్ తాయో" అని పిలుస్తాడు. బతాంగాస్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చేతిలో కంచంతో, నన్ను అలాగే పిలిచాడు. మనం తిందాం అన్నాడు. చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చిన సరుకులవాణ్ణి కూడా ఆ మాటలో కలిపేసుకున్నాడు. చింతపండు పులుపుతో చేసిన సినిగాంగ్ అనే పులుసు, అన్నం పెట్టాడు. కారం లేదన్న మాటే గానీ మా అమ్మ చారుకి దూరపు చుట్టమే.

ఇక "పో" సంగతి. పో అంటే అండి. సలామత్ అంటే థాంక్స్, సలామత్ పో అంటే థాంక్సండి. అవును అనడానికి ఓఓ, అవునండి అనడానికి ఓపో. పెద్దవాళ్ల దగ్గర అది లేకుండా మాట్లాడితే మనలాగే వాళ్లకీ ఎబ్బెట్టు. నాతో వచ్చే హెల్పర్ది కంచరపాలెం. రెండు ట్రిప్పులు చూసి ఊరుకున్నాడు, మూడో ట్రిప్పులో పక్కకి లాగి "పెద్దాయన్ని పట్టుకుని పో పో అంటావేటన్నా, తప్పు కదేటి?" అన్నాడు. వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి టీ అయిపోయింది.

తప్పులకేం తక్కువ లేదు. ఓడ సాయంత్రం బయల్దేరుతుందనగా మధ్యాహ్నం ఒక కుక్ ఫోన్ చేసి, తోయో మర్చిపోయాను, తాత్లో కావాలి అన్నాడు. తాత్లో అంటే మూడు, అది వచ్చు నాకు. తోయో కూడా వచ్చనుకున్నాను. ఫిషింగ్ హార్బర్‌కి పరిగెత్తి మూడు కిలోల ఎండు కవళ్ళు తెచ్చాను. ఎండు చేప తుయో. తోయో అంటే సోయా సాస్, ఆయనకి కావలసింది మూడు సీసాలు. ఆయన కిందపడి నవ్వి ఒక కిలో ఉంచుకున్నాడు. మిగతా రెండు కిలోలూ మా ఇంటికొచ్చాయి. వారం రోజులు వంకాయతో ఎండుచేపల కూరే.

ఉచ్చారణలో ఒక్క చోట మాత్రం మనదే పైచేయి. ఇప్పుడు అనడానికి వాళ్లు "ఙయోన్" అంటారు. చిన్నప్పుడు కఖగఘఙ అని అరిచి మళ్లీ ముట్టుకోని ఆ అక్షరానికి నలభై రెండో ఏట పని దొరికింది.

క్రియలు మాత్రం నా వల్ల కావడం లేదు. కాయిన్ అంటే తిండి. తిన్నాను అనాలంటే మాట మధ్యలో ఉమ్ దూర్చి కుమాయిన్ అనాలి. తింటున్నాను అంటే కుమాకాయిన్, తింటాను అంటే కాకాయిన్. మనం తోకకి తగిలించుకునేవాళ్లం గానీ కడుపు కోసి కుట్టేవాళ్లం కాదు కదా. పైగా క్రియ వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. నేను తెలుగులో లాగే చివర్లో పెడతాను, వాళ్లు మంచివాళ్లు కాబట్టి అర్థం చేసుకుంటారు.

ఇంకో చిక్కుంది. ఫిలిపినోకి పునాది టాగలోగ్ భాష. 1937లో దాన్ని ఎంచుకున్నారు, 1987 రాజ్యాంగంలో ఫిలిపినో అని జాతీయ భాషగా రాసుకున్నారు. అందరూ బడిలో చదువుకుంటారు గానీ ఇంట్లో మాట్లాడేవి వేరే, వందకి పైగా ఉన్నాయి. నేను ఠీవిగా "మగండాంగ్ ఉమాగా పో" అని శుభోదయం చెబితే సెబు నుంచి వచ్చిన కుక్ "మాయోంగ్ బుంతాగ్" అని వాళ్ల భాషలో జవాబిచ్చాడు. దానికి పుస్తకంలో ఇంకో గడి గీశాను.

పుస్తకంలో క్రియల పేజీ ఖాళీగానే ఉంది. గురువారం ఇంకో ఓడ వస్తోంది, కుక్‌ది ఇలోయిలో అట. లిస్టు నిన్ననే పంపాడు. నాలుగో వరసలో మలుంగ్గాయ్, మూడు కిలోలు అని ఉంది. ఈసారి ఎవర్నీ అడక్కుండానే తెలిసింది, మునగాకు. మా వీధి చివర చెట్టుంది, ఎక్కేవాడే దొరకాలి.